ఇంటి వసారాలో బుల్లెట్‌ని బాబర్ చేసిన తొమ్మిది నెలలు

నాన్న 1994లో కొన్న బుల్లెట్ స్టాండర్డ్ 350 ఆరేళ్లుగా ఏలూరులోని మా ఇంటి వసారాలో ఓ మూల నిలబడే ఉంది. వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు పల్లెలన్నీ ఆయన దాని మీదే తిరిగారు. రిటైరయ్యాక బజారుకీ గుడికీ స్కూటీ చాలనుకున్నారు. బుల్లెట్ మీద మొదట దుప్పటి కప్పారు, తర్వాత దుప్పటి మీద పాత పేపర్ల కట్టలు చేరాయి. 2023 జులైలో ఆ కట్టలు తీసి పక్కన పెట్టి, దీన్ని బాబర్ చేస్తానని, అంటే అక్కర్లేని భాగాలన్నీ తీసేసిన తేలికపాటి బండిగా మారుస్తానని అడిగాను.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కుంటూ ఒక్క మాటే అన్నారు. "చెయ్యి. కానీ రేపెప్పుడైనా నా బండి నాకు కావాలంటే, మళ్లీ ఇలాగే ఇవ్వగలగాలి."

ఆ మాట ఈ పని మొత్తానికి హద్దు గీసింది. ఫ్రేము మీద రంపం పెట్టకూడదు. అసలు భాగాల్లో ఒక్కటి కూడా కొయ్యకూడదు. కోయాల్సింది ఏదైనా ఉంటే దానికి జోడు పాత సామాను కొట్లో కొని, దాన్ని కొయ్యాలి. అసలుది గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాలి.

బాబర్ అనే మాట తెలియనివాళ్లకు కాస్త చెబుతాను. ఇది 1930లు, 40లలో అమెరికాలో పుట్టిన పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇళ్లకు తిరిగొచ్చిన సైనికుల్లో చాలామంది హార్లీ డేవిడ్‌సన్, ఇండియన్ బళ్లు కొనుక్కుని, వాటి మీద బరువంతా ఊడబీకేవారు. ముందు మడ్‌గార్డ్ తీసెయ్యడం, వెనకది సగానికి కొయ్యడం, అక్కర్లేదనిపించిన ప్రతిదీ విప్పి పారెయ్యడం. గుర్రం తోకను పొట్టిగా కత్తిరించడానికి ఇంగ్లీషువాళ్లు వాడే 'బాబ్' అన్న మాటే ఈ మడ్‌గార్డ్ కోతకూ వచ్చింది. ఫ్రేము కోసి, ముందు ఫోర్కులు బారుగా సాగదీసే చాపర్ వేరు, అది తర్వాతి కాలానిది. బాబర్‌లో తీసెయ్యడమే పని. ఈమధ్య కంపెనీలే బాబర్లు చేసి అమ్ముతున్నాయి. జావా పెరాక్ వచ్చింది, రాయల్ ఎన్‌ఫీల్డే 2024లో గోవన్ క్లాసిక్ 350 తెచ్చింది. అవి చక్కని బళ్లే. కానీ కొన్న బాబర్‌లో ఏం తీసేశారో మనకు తెలియదు. నాకు ఆ తీసెయ్యడమే కావాలి.

పని మొదలుపెట్టే ముందు చట్టం చదివాను. ఇది చేయాలనుకునే ప్రతి ఒక్కరూ చదవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. అందుకని మొదటి రోజే నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంజను అదే, ఫ్రేము అదే, రంగు ఆర్‌సీలో ఉన్న నలుపే. ఇద్దరు కూర్చునే ఏర్పాటు ఉండాలి, వెనక కూర్చునేవాళ్లకు పట్టుకోడానికి కడ్డీ, ఫుట్‌రెస్టులు, చీరగార్డు ఉండాలి. నంబరు ప్లేటు చక్రం పక్కన వేలాడదీయడం బాబర్లకు ఫ్యాషన్. నాది మాత్రం మధ్యలోనే ఉంటుంది. సైలెన్సర్ కూడా కంపెనీదే ఉంచాను. పొట్టి సైలెన్సర్ పెట్టమని చెప్పనివాళ్లు లేరు. మా వీధిలో పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు, ఎదురింట్లో మంచం పట్టిన ముసలావిడ ఉంది. బుల్లెట్ శబ్దం దాని అసలు సైలెన్సర్‌లోంచే బాగుంటుంది.

విప్పడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మా వీధి చివర షెడ్డులో నలభై ఏళ్లుగా బుల్లెట్లే చూస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నారు. అందరూ సాయిబు గారంటారు, నేనూ అంతే. మొదటి రోజు వచ్చి చూసి, ఇంట్లో ఖాళీ హార్లిక్స్ సీసాలు ఎన్నున్నాయో అడిగారు. ఏ చోట విప్పిన బోల్టులు ఆ చోటు పేరు రాసిన సీసాలోకే వెళ్లాలి, వాషర్ ఏ వైపు ఉందో కూడా అట్ట మీద బొమ్మ గీసి అందులో వెయ్యాలి. "విప్పడం ఎవడైనా విప్పుతాడు బాబూ, బిగించేటప్పుడు ఒక్క వాషర్ మిగిలితే రాత్రి నిద్ర పట్టదు" అన్నారు. బిగించే రోజు వచ్చినప్పుడు ఆ పదిహేడు సీసాలే నన్ను కాపాడాయి.

విప్పుతున్నకొద్దీ నాకు కొత్త సంగతి ఒకటి అర్థమవుతూ వచ్చింది. పైకి అలంకారంగా కనిపించే ముక్క లోపల ఏదో ఒక పని చేస్తూ ఉంటుంది. హెడ్‌లైటు చుట్టూ ఉండే పెద్ద అల్యూమినియం డొప్పనే తీసుకోండి. స్పీడోమీటరు, బ్యాటరీ కరెంటు ఎటు పోతోందో చూపే యామీటరు, రెండు చిన్న దీపాలు అందులోనే ఉంటాయి. బాబర్ ఫొటోలన్నిట్లో అక్కడ ఒక చిన్న గుండ్రటి లైటు మాత్రమే ఉంటుంది. నేనూ దాన్ని మొదట తీసేద్దామనుకున్నాను. తీరా స్పానర్ పట్టుకుని చూస్తే, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల పైకొసలు ఆ డొప్పలోకే మరలతో బిగిసి ఉన్నాయి, హ్యాండిల్ కూడా దాని మీదే కూర్చుంది. తొడుగు అనుకున్నది కాస్తా ఎముక. దాన్ని తీస్తే ఫోర్కుల తలలు పట్టి ఉంచడానికి వేరే పెద్ద ఏర్పాటు కావాలి. వద్దనుకున్నాను. ఇప్పుడు ఆ డొప్పే నా బండికి మొహం, దాన్ని అలా చూడటమే నాకిష్టం.

ముందు మడ్‌గార్డూ అంతే. అది రెండు ఫోర్కు కాళ్లనూ కలిపి పట్టుకుంటుంది. పూర్తిగా తీసేస్తే ఆ పట్టు పోతుంది, పైగా మా వైపు వానాకాలం రోడ్ల మీద బురదంతా మొహానికే వస్తుంది. పాత మడ్‌గార్డ్ ఒకటి కొని, ముందూ వెనకా కోసి, మధ్యలో పట్టీలు బిగించే భాగం మాత్రం ఉంచాను.

పాత సామాను కోసం విజయవాడ ఆటోనగర్‌కు ఐదుసార్లు తిరిగాను. మొదటిసారి వెళ్లినవాళ్లకు అదో ఊరిలా ఉంటుంది. ఒక వీధిలో లారీ బాడీలు కడుతుంటారు, ఇంకో వీధి నిండా లేత్ మిషన్ల చప్పుడు, మరోచోట ఇంజను ముక్కలు గుట్టలుగా పోసి ఉంటాయి. బుల్లెట్ వెనక మడ్‌గార్డ్ ఒకటి తుప్పు పట్టింది దొరికింది. అంచు సొట్టపోయినా మధ్యలో రేకు గట్టిగా ఉంది, బేరమాడి 700కు తెచ్చాను. ఒంటి సీటుకు స్ప్రింగులు కూడా అక్కడే దొరికాయి.

చక్రాల విషయంలో నాకు పెద్ద మోజే ఉండేది. వెనక 16 అంగుళాల రిమ్ము వేసి లావు టైరు పెట్టాలని. సాయిబు గారు టేపు తెచ్చి, చైను వైపు టైరుకు మిగిలే సందు కొలిచి చూపించారు. ఆ లావుకు అక్కడ వేలు దూరదు. చైను లైను జరపాలి, దానికి మళ్లీ లేత్ పని, ఆ తర్వాత స్టాండు ఎత్తు కుదరదు. అసలు 19 అంగుళాల రిమ్ములే ఉంచి, వెనక మాత్రం 3.25 బదులు 3.50 టైరు వేశాను. బుల్లెట్ 500కు వెనక వచ్చే సైజే అది. పొడవాటి చక్రాల బాబర్ కొంచెం సన్నగా, పాతకాలం మనిషిలా నిలబడుతుంది. చూడగా చూడగా అదే దానికి తగిన అందమనిపించింది.

ఇక వెనక మడ్‌గార్డ్. బాబర్‌కు పేరు తెచ్చిన ముక్క ఇదే కాబట్టి దీని మీద నేను గడిపినంత కాలం మరి దేని మీదా గడపలేదు. ఎక్కడ కొయ్యాలి? కాగితం టేపు అంటించి, పది అడుగులు వెనక్కి వెళ్లి చూడటం, మళ్లీ రెండు అంగుళాలు జరపడం. వారం రోజులు పొద్దునా సాయంత్రం ఇదే. చివరికి ఇరుసు నుంచి నిటారుగా పైకి గీత గీసి, దానికి ఓ జానెడు వెనకగా ఆపాను. గ్రైండర్ పెట్టి కోస్తే అంచు కత్తిలా తయారైంది. దాన్ని అలా వదలకూడదు, బండి తుడిచేటప్పుడే చెయ్యి తెగుతుంది. టింకరింగ్ చేసే అతని దగ్గర ఆరు మిల్లీమీటర్ల కడ్డీని అంచు వెంట వంచి పెట్టించి, రేకును దాని మీదకు చుట్టించాను. సుత్తి దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి, గోరంత దూరంలో, కొస నుంచి కొసకు. ఆయన సుత్తి ఎత్తేది నాలుగంగుళాలే, కానీ రేకు మైనంలా ఒదిగింది. గుండ్రటి ఆ అంచు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడా ఆగలేదు.

దాన్ని టైరుకు దగ్గరగా, ఓ అంగుళం సందుతో బిగించాను. ఫొటోల్లో అలాగే ఉంటుంది కదా. మొదటిసారి మా ఆవిణ్ని వెనక ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దాటగానే కింద బరమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన. దిగి చూస్తే మడ్‌గార్డ్ లోపలి రంగు చారగా లేచిపోయి, టైరు మీద నల్లటి గీత పడింది. అప్పుడు తట్టింది అసలు సంగతి. ఆనాటి హార్లీ బళ్లకు వెనక సస్పెన్షనే లేదు. చక్రం ఫ్రేముకు అతుక్కుని ఉంటుంది, మడ్‌గార్డ్ ఎంత దగ్గరున్నా పైకి వచ్చి తగలదు. నా బండికి షాకబ్జర్లున్నాయి. చక్రం పైకీ కిందికీ ఆడుతుంది. కంపెనీ ఉంచిన ఆ ఖాళీ, చక్రం ఆడటానికి వదిలిన చోటు. మడ్‌గార్డ్‌ను కంపెనీ బోల్టుల ఎత్తుకే మళ్లీ లేపాను. ఇప్పుడు ఎవరైనా ఆ సందు ఎందుకంత ఉందని అడిగితే, చక్రాన్ని స్టాండు మీద తిప్పి మరీ చెబుతాను.

మడ్‌గార్డ్ కొసన టెయిల్ ల్యాంపు, నంబరు ప్లేటు. మూడు వందల కిలోమీటర్లు తిరిగేసరికి వాటిని మోసే కడ్డీ వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత చీలింది. బుల్లెట్ వణుకు అలాంటిది. ఒకే సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), అంత పెద్ద పిస్టన్ దూరం పోయి వస్తుంటే ప్రతి బోల్టుకూ తెలుస్తుంది. సాయిబు గారు కడ్డీ తీయించి వెడల్పాటి ఇనప పట్టీ వేయించారు, బోల్టు రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టించారు. మళ్లీ చీలలేదు.

ఫ్రేముకు శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి పాత రంగు, తుప్పు లేపడం), పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో అంటించడం) బయట ఇచ్చాను. ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, చాసిస్ నంబరు. హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉంటుంది. ముప్పై ఏళ్లకు ఆ అంకెల లోతు ఎంతో మిగలదు. మీద పౌడరు మందంగా పడితే పూడిపోతాయి, రేపు తనిఖీలో కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకె తేలదు. అక్కడ టేపు వేయమని ఒకటికి రెండుసార్లు చెప్పాను, నా ఎదురుగానే వేయించి వచ్చాను. ఆ చోట తర్వాత నేనే చేత్తో పల్చగా రంగు వేసుకున్నాను.

రెండో సంగతి నాకు తెలియలేదు, దానివల్ల పదకొండు రోజులు పోయాయి. ఫిబ్రవరిలో అంతా బిగించి, కొత్త బ్యాటరీ పెట్టి, తాళం తిప్పాను. యామీటరు ముల్లు కదల్లేదు. లైటు వేస్తే మిణుగురులా వెలిగింది, హారన్ నొక్కితే అదీ ఆరింది. వైరింగ్ అంతా కొత్తగా నేనే లాగాను కాబట్టి తప్పు అందులోనే అనుకున్నాను. చుట్టిన టేపు మళ్లీ విప్పాను, ప్రతి వైరునూ బల్బు పెట్టి చూసుకున్నాను, అన్నీ బాగున్నాయి. పన్నెండో రోజు సాయిబు గారు టీ తాగుతూ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బ్యాటరీ మైనస్ వైరు ఫ్రేముకు బిగించిన బోల్టు దగ్గర ఆగారు. బోల్టు విప్పి, జేబులోంచి ఎమరీ పేపరు ముక్క తీసి, రూపాయి బిళ్లంత మేర రుద్దారు. నల్లటి పౌడర్ కోటింగ్ కింద ఇనుము తెల్లగా మెరిసింది. అంతే. బోల్టు బిగించగానే ముల్లు మైనస్ వైపు ఒరిగింది. ఆ రంగులోంచి కరెంటు పోదు. అందంగా, ఎక్కడా వదలకుండా వేయించిన కోటింగే ఎర్త్‌ను, అంటే కరెంటు ఫ్రేములోంచి బ్యాటరీకి తిరిగెళ్లే దారిని, మూసేసింది. ఇంజను ఫ్రేములో కూర్చునే చోట్లు కూడా అలాగే గీకి, పైన గ్రీజు రాశాం.

స్టార్టయింది గానీ, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ ఏడిపించింది. పక్క డబ్బాలు రెండూ తీసేశాను. ఒకదాంట్లో బ్యాటరీ, ఇంకోదాంట్లో ఎయిర్ ఫిల్టర్ ఉండేవి. బ్యాటరీని సీటు కిందికి చేర్చి, ఫిల్టర్ బదులు కార్బొరేటర్ మూతికి చిన్న కోన్ ఫిల్టర్ తొడిగాను. దాంతో గాలి ఎక్కువైపోయింది. థ్రాటిల్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపటపలు, పది కిలోమీటర్లకే ఇంజను విపరీతంగా కాగడం. ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదన్నమాట. పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న ముక్కను, మెయిన్ జెట్‌ను, ఒక సైజు పెంచి వట్లూరు దాకా వెళ్లి రావడం, ఇంజను ఆపి ప్లగ్గు చూడటం. ఇంకో సైజు. మరీ పెంచితే మసి పడుతుంది. మూడో జెట్టుకు ప్లగ్గు కొస మారీ బిస్కెట్ రంగుకు వచ్చింది. ఆ రంగు చూసిన సాయంత్రం రోడ్డు పక్కన చింతచెట్టు కింద కూర్చుని, చల్లారిన ప్లగ్గును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. వాన నీళ్లు ఫిల్టర్ మీద పడకుండా రేకుతో చిన్న గొడుగు కూడా చేయించాను.

ట్యాంకు లోపలి తుప్పుకు గుప్పెడు నట్లు, డీజిలు వేసి ఊపడం పాత పద్ధతే, అదే చేశాను. పైన నలుపు, గీతలు బంగారు రంగు.

తీసేసిన సామానంతా ఒకరోజు కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూయించాను. కొత్తగా చేరినవి పోను 13 కిలోలు తగ్గింది. ఖర్చు, పౌడర్ కోటింగ్, టైర్లు, సీటు, లేత్ పని, అన్నీ కలిపి 41 వేలు దాటింది.

సీటు సంగతి ఆఖరుకు ఉంచాను. పాత సీటు బోల్టుల మీదే ఒక పలక బిగించి, ముందు స్ప్రింగుల మీద ఒంటి సీటు, వెనక విడిగా చిన్న దిండు సీటు పెట్టించాను. తోలు మా ఊరి చెప్పులు కుట్టే పెద్దాయన కుట్టారు, మైనం పట్టించిన దారంతో, రెండు సూదులు ఎదురెదురుగా దూర్చి. ఇంటికి తెచ్చి బిగిస్తుంటే నాన్న వాకిట్లోంచి వచ్చి నిలబడ్డారు. సీటు స్ప్రింగును చేత్తో నొక్కి వదిలారు.

"నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసరు బండికి ఇలాంటి సీటే ఉండేదిరా" అన్నారు. "మద్రాసులో తయారైన తొలినాళ్ల బండి. ఆయన లేనప్పుడు ఎక్కి కూర్చునేవాళ్లం."

రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లు మద్రాసులో మొదలైంది 1955లో. ఇంగ్లండులో 1970 నాటికి ఆ కంపెనీ మూతపడినా, మద్రాసులోని తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఆగలేదు. నేను అమెరికా నుంచి తెచ్చుకున్నాననుకున్న సీటు, మా నాన్న పడుచుతనంలో ఏలూరు ఆఫీసు చెట్టు కింద నిలబడి ఉండేదన్నమాట.

2024లో ఆర్‌సీ రెన్యువల్‌కు తీసుకెళ్లాను. చాసిస్ నంబరు పెన్సిల్‌తో అద్దుకున్నారు, ప్రతి అంకే తేలింది. లైట్లు, బ్రేకులు, వెనక సీటు, చీరగార్డు చూశారు. రెన్యువల్ అయింది.

ఆ సాయంత్రం బండి వాకిట్లో పెట్టి నేను లోపలికి వెళ్లాను. మంచినీళ్లు తాగుతుండగా బయట తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూశాను. నాన్న లుంగీ ఎగ్గట్టి, కిక్కు మీద కాలు పెట్టి, యామీటరు కేసి చూస్తూ నెమ్మదిగా నొక్కుతున్నారు. ముల్లు ఒరిగింది, మధ్యకొచ్చింది. ఆగారు. ఎడమచేత్తో, సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ మీట పట్టి, కాలు ఇంకో రవ్వంత దింపి, వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒక్కటే కొట్టారు. బండి అందుకుంది. పోస్టాఫీసు దాకా వెళ్లి తిరిగొచ్చి, స్టాండు వేసి, హ్యాండిల్ మీద చెయ్యి తీయకుండానే నన్ను పిలిచారు.

"సీటు బావుంది. ఈ హారన్ బటను మాత్రం కొంచెం లోపలికి జరుపు, బొటనవేలికి అందట్లేదు."

టూల్ కిట్ తెచ్చి అప్పుడే జరిపాను.